లెక్కలు ప్రకటించిన చాలునా?

ప్రజల ధనముతో ప్రభుత్వము సేకరించిన లెక్కలు ప్రజలకే అందుబాటున నుండవలెనన్న భావము నేడు పెక్కు దేశములందు విధానముగా రూపొందినది. 2013లో జి-8 దేశములు ఈ విషయమై ఒక ఒడంబడికను ప్రకటించినవి. మన కేంద్ర ప్రభుత్వము అంతకు ముందే, 2012లో, జాతీయ దత్తాంశ విధానమును ఆమోదించి, ఇంటర్నెట్‌లో డేటా.గవ్.ఇన్ పోర్టల్‌ను నెలకొల్పినది. ఇది హర్షణీయమే. కాని ఏ దేశమెంత ముందంజ వేసినదో తేల్చుట ఎట్లు?

ఇందులకు పలు కొలబద్దలు పుట్టినవి. వరల్డ్ వైడ్ వెబ్ ఫౌండేషన్ వారి ‘ఓపెన్ డేటా బారోమీటర్’ సిద్ధత, ఆచరణ, ప్రభావము అను మూడింటిని చూచినది. 2017లో వెలువడిన దాని నాల్గవ నివేదిక 115 దేశములను పరిశీలించి, నూటికి ఏడు దత్తాంశములు మాత్రమే పూర్తిగా బహిరంగములని తేల్చినది. ఓ.ఇ.సి.డి. సంస్థ సూచిక లభ్యత, సౌలభ్యము, పునర్వినియోగమునకు ప్రభుత్వమిచ్చు తోడ్పాటు అను మూడింటిని తూచును. అందు 2017, 2019, 2023 సంవత్సరములలో దక్షిణ కొరియాయే ప్రథమ స్థానము నందినది. ఐరోపా సమాఖ్య 2015 నుండి తన దేశముల ప్రగతిని కొలుచుచున్నది.

ఈ కొలతలన్నిటియందు ఒక చిక్కు కలదు. ఎన్ని పట్టికలు వెలువడినవో లెక్కించుట సులభము. వాటివలన ఎవరికేమి మేలు కలిగెనో లెక్కించుట కష్టము. పైగా పెక్కు సూచికలకు ఆధారము ఆయా ప్రభుత్వములు పంపు జవాబులే. పరిశోధకులు వాటిని సరిచూచినను, సామాన్యుని అనుభవము అందు కానరాదు. బావులెన్ని త్రవ్వితిమని చెప్పినంతమాత్రమున ఊరి దప్పిక తీరినట్లగునా?

ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. భాషాల్పసంఖ్యాకులకు అంగీకరింపబడిన రక్షణలు అంకెలపై ఆధారపడియున్నవి. తరగతిలో 10 మంది గాని, పాఠశాల మొత్తమున 40 మంది గాని పిల్లలున్నచో మాతృభాషలో ప్రాథమిక విద్య కల్పింపవలెను. జిల్లాలో గాని తాలూకాలో గాని నూటికి 15 మంది ఉన్నచో ముఖ్య ప్రకటనలు వారి భాషలో వెలువడవలెను. అంకె చేతికందనిదే హక్కును నిరూపించుట ఎట్లు?

2011 జనగణన భాషా పట్టికలు 2018లో గాని వెలువడలేదు. వాటి ప్రకారము తమిళనాట 42 లక్షలకు పైగాను, కర్ణాటకమున 35 లక్షలకు పైగాను, మహారాష్ట్రమున 13 లక్షలు, ఒడిశాలో 7 లక్షల వరకు మనవారు కలరు. నాడు ఒకటవ తరగతిలో చేరిన బిడ్డ ఆ పట్టిక వెలువడునాటికి ఎనిమిదవ తరగతికి చేరెను. ఆలస్యముగా వచ్చిన లెక్క చరిత్రకు పనికివచ్చును. ఆ బిడ్డ బడికి పనికిరాదు. 2021లో జరుగవలసిన జనగణన ఆ యేట జరుగనందున, పదేండ్ల నాటి అంకెలకే మరింత పాతదనము వచ్చినది.

కావున ప్రభుత్వములకు మా విన్నపము రెండు మాటలు. తాలూకాలవారీ మాతృభాషా లెక్కలను, పాఠశాలలవారీ విద్యార్థుల మాతృభాషా వివరములను సకాలమున, సామాన్యుడు చదువదగు రూపమున ప్రకటింపవలెను. ఆ లెక్కల ఆధారముగా వచ్చిన అర్జీలెన్ని, ఫలించినవెన్ని అనునదియు ప్రగతికి కొలతగా స్వీకరింపవలెను.

మన కర్తవ్యమును కలదు. తరతరములుగా ఇచట స్థిరపడిన కుటుంబములు కొన్ని, ఇరుగుపొరుగు భాషలో నిత్యవ్యవహారము జరుపుచుండుటచే, గణకుడు వచ్చినపుడు మాతృభాష గడిలో తెలుగు అని వ్రాయింప మఱచుచున్నవి. ఇంట తెలుగు వినబడుచున్నను పట్టికలో అది లేకపోవును. వ్రాయింపని భాషకు ఏ పోర్టల్‌లోను చోటు దొరకదు. ప్రకటింపబడిన లెక్కను ప్రతి శాఖాసంఘము తెప్పించుకొని, తన తాలూకా అంకెను తెలిసికొని, అర్జీకి జతపరుపవలెనని కోరుచున్నాము. అపుడే లెక్క లెక్కగా మిగులక, హక్కునకు ఆధారమగును.