స్కోరుకార్డుకు అందని ఆటగాడు
మలేషియాలో పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పే కోచ్‌లు అమెరికాలోని ఎన్‌బీఏ లీగ్‌లో ఆడిన లూక్ ఎంబా ఆ ముటే పాత ఆటల వీడియోలు తప్పకుండా చూపించాలని నా కోరిక. 2016లో ఆసియాన్ బాస్కెట్‌బాల్ లీగ్ టైటిల్ నెగ్గిన మలేషియా డ్రాగన్స్ లాంటి జట్లు విదేశాల నుంచి ఆటగాళ్లను తెచ్చుకున్నప్పుడు మనం మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: ఎన్ని పాయింట్లు కొడతాడు? ఆ లెక్కన కామెరూన్ రాజధాని యావుండేలో పుట్టిన లూక్ ఎవరి కంటికీ ఆనడు. 2008లో ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 37వ స్థానంలో అతన్ని మిల్వాకీ బక్స్ తీసుకుంది. ఆ తర్వాత పదేళ్లకు పైగా ఎన్‌బీఏలో నిలదొక్కుకున్నది ప్రధానంగా డిఫెన్స్ బలంతోనే. చిన్న గార్డు ఎదురైనా, బలిష్ఠమైన ఫార్వర్డ్ ఎదురైనా మోకాళ్లు వంచి పక్కకు జరుగుతూ దారి మూసేసేవాడు; బంతి వేసినట్టు నటిస్తే తొందరపడి ఎగిరేవాడు కాదు. 2017 నవంబరులో డెన్వర్ మీద హ్యూస్టన్ తరఫున బెంచ్ నుంచి వచ్చి, కొట్టింది 13 పాయింట్లే. కానీ అతను కోర్టులో ఉన్న 26 నిమిషాల్లో జట్టు ప్రత్యర్థి కంటే 57 పాయింట్లు ఎక్కువ చేసింది! ఇంకా గొప్ప సంగతి, 2011లో కామెరూన్‌లో అతను పెట్టిన శిబిరంలోనే, తర్వాత ఎన్‌బీఏ స్టార్ అయిన జోయెల్ ఎంబీడ్ వెలుగులోకి వచ్చాడు. తాను చదివిన ఫ్లోరిడా స్కూల్‌కే ఆ కుర్రాణ్ణి చేర్పించాడు లూక్. ఇలాంటివాణ్ణి సహాయ ఆటగాడని పక్కన పెట్టడం అన్యాయం. కౌలాలంపూర్‌లోనైనా, హైదరాబాద్‌లోనైనా జూనియర్ టోర్నీల్లో ఉత్తమ డిఫెండర్‌కూ టాప్ స్కోరర్‌తో సమానంగా కప్పు ఇవ్వాలి, అదే వేదిక మీద.