అటక మీది టీవీలో అద్దంలాంటి బొమ్మ!

విడిభాగాలన్నీ పోగేసి, రాత్రింబవళ్లు కూర్చుని టంకం పెట్టి, సొంతంగా ఓ పాతకాలం కంప్యూటరు తయారుచేశాడు మీ అబ్బాయి. స్విచ్చి వేస్తే పనిచేసింది కూడా. తీరా చూస్తే టీవీ తెర మీద అక్షరాలు అలుక్కుపోయి, నీళ్లలో నీడల్లా వణుకుతున్నాయి! 'దండగ పని' అనుకుని మూలన పడేసేది సరిగ్గా ఇక్కడే. ఎడపల్లిలోనైనా ఎడిన్‌బరోలోనైనా ఈ తిప్పలు ఒక్కటే. నిజానికి చాలాసార్లు తప్పు కంప్యూటరుది కాదు, బొమ్మ ప్రయాణించే దారిది.

1982లో వచ్చిన సింక్లెయిర్ స్పెక్ట్రమ్ లాంటి కంప్యూటర్లకు ఇంట్లో టీవీయే తెర. అప్పటి టీవీలకు చాలావాటికి యాంటెన్నా సాకెట్టు తప్ప మరో ద్వారం లేదు. అందుకే కంప్యూటరు తన బొమ్మను ఓ టీవీ ఛానల్‌గా మార్చి పంపేది. ఆ పని చేసే డబ్బానే మాడ్యులేటర్. టీవీ దాన్ని మళ్లీ విప్పి బొమ్మగా మార్చుకోవాలి. 1984లో మన పాఠశాలల్లో 'క్లాస్' పథకం కింద అడుగుపెట్టిన బీబీసీ మైక్రో వెనక మాత్రం మూడు ద్వారాలుండేవి... యాంటెన్నాకి ఒకటి, నేరుగా వీడియోకి ఒకటి, ఎరుపు-ఆకుపచ్చ-నీలం రంగులను విడివిడిగా పంపడానికి ఇంకొకటి. స్పష్టత కూడా ఆ వరసలోనే పెరుగుతుంది.

బోధన్ వైపు చెరకు రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. నరికిన చెరకు మిల్లుకు చేరడం ఆలస్యమైనకొద్దీ పంచదార దిగుబడి తగ్గుతుంది. బొమ్మ కూడా అంతే. మధ్యలో మజిలీలు పెరిగేకొద్దీ పస తగ్గుతుంది.

కాబట్టి మొదటి పని, మాడ్యులేటర్‌ను పక్కనపెట్టి వీడియోను టీవీ పసుపు ఏవీ సాకెట్టుకి నేరుగా ఇవ్వడం. ఆ సాకెట్టు కోరేది ఒక్క వోల్టు సంకేతం. అందులో 0.3 వోల్టు వరస తప్పకుండా చూసే 'సింక్'ది, 0.7 వోల్టు బొమ్మది. సింక్ తగ్గితే తెర దొర్లుతుంది, బొమ్మ వాటా తగ్గితే చీకటి కమ్ముతుంది. చిప్పు నుంచి సరాసరి తీగ లాగకుండా మధ్యలో ఒక ట్రాన్సిస్టర్‌ను బఫర్‌గా పెట్టి, దాని తర్వాత 75 ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే చాలా తేడా కనిపిస్తుంది. సంకేతంలో సగం ఆ రెసిస్టర్ దగ్గరే ఆగిపోతుంది కనుక బఫర్ రెండు వోల్టులు ఇవ్వాలి.

అక్షరాల పక్కన దెయ్యంలా మరో నీడ కనిపిస్తోందా? మామూలు తీగ తీసేసి 75 ఓమ్‌ల కేబుల్ వాడండి. అడ్డంగా పట్టీలు మెల్లగా పాకుతున్నాయా? పవర్ సప్లైని అనుమానించండి. ప్రతి చిప్పు పక్కనా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉండాల్సిందే. ఎన్ని చేసినా తెర దొర్లుతూనే ఉంటే, మీరు చూసి కట్టిన సర్క్యూట్ అమెరికాదేమో గమనించండి. వాళ్ల పాత టీవీల లెక్క 525 గీతలు, మనది 625. ఇవన్నీ హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరికే చిన్నా చితకా సామానే.

ఒక్క విషయంలో మాత్రం రాజీ వద్దు. ఏవీ సాకెట్టు లేని పాత బ్లాక్ అండ్ వైట్ టీవీని విప్పి, లోపలి బోర్డుకి తీగలు కలపకండి. వాటిలో చాలావాటి చాసిస్ నేరుగా కరెంటు లైనుకే తగిలి ఉంటుంది. అంటే కంప్యూటరును ముట్టుకున్నా షాకే! పైగా పిక్చర్ ట్యూబు, స్విచ్చి కట్టేశాక కూడా వేల వోల్టులను దాచుకోగలదు. అలాంటి టీవీకి పాత మాడ్యులేటరే మేలు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా పిల్లాడు క్షేమం.

ఏవీ సాకెట్టున్న టీవీ అయితే బెంగలేదు. ఒక ట్రాన్సిస్టర్, నాలుగు రెసిస్టర్లు, మంచి కేబుల్... ఓ ఆదివారం పని. మూలన పడేసే ముందు, ఆ ఒక్క ఆదివారం పిల్లలకు ఇచ్చి చూడండి.