తలుపు మీది పలక

సికింద్రాబాదు నుండి వాడి పోవు రైలుమార్గమున రాకపోకలు చేయు మన తాండూరు వారికి ఈ సంగతి క్రొత్తది కాదు. రైలుపెట్టెలోని మరుగుదొడ్డికి సాధారణముగా స్త్రీలు, పురుషులు అను పలక ఉండదు. ఒకరు లోనికి పోయి గడియ వేసికొందురు. తక్కినవారు బయట నిలుచుందురు. నాపరాతి గనిలో పనిచేయు కూలి, కందుల వ్యాపారి, బురఖా ధరించిన ఇల్లాలు, చప్పట్లు చరచుచు పెట్టె పెట్టెకును చేయి చాచు హిజ్రా, అందరికిని అదే తలుపు, అదే గడియ. ఇన్నేండ్ల ప్రయాణములలో దానిని గురించి ఎవరును తగవులాడగా నేను చూడలేదు. అదే మనిషి బండి దిగి ప్లాట్‌ఫారము మీద అడుగు పెట్టినంతనే చిక్కు మొదలగును. అచ్చట రెండు తలుపులు, రెండు పలకలు. ఒక వైపు పోయినచో ఎగతాళి, మరియొక వైపు పోయినచో కేకలు. ఎటును పోలేక పట్టాల అవతలి చీకటిలోనికి నడచిపోయిన వారిని ఒకానొక స్టేషనులో స్వయముగా చూచితిని.

ఇది అల్పవిషయమని తలచువారు మన చరిత్రను ఒకమారు తిరుగవేయవలెను. నిజాము ప్రభుత్వము ఫసలీ 1329లో, అనగా 1919లో, నపుంసకుల చట్టమొకటి చేసినది. హైదరాబాదు నగరమునను, ప్రభుత్వము పేర్కొను ఇతర స్థలములందును నివసించుచు, పిల్లల నెత్తుకొనిపోవుదురనియో మరియొకటనియో అనుమానమునకు గురియైన వారి పేర్లు, నివాసములు ఒక పట్టికలో ఎక్కవలెను. పట్టికకెక్కినవారు ఆడువేషముతోను నగలతోను వీధిలో కనిపించినచో, బహిరంగస్థలమున ఆడినచో, పాడినచో, వారెంటు లేకయే పట్టుకొనవచ్చును. రెండేండ్ల వరకు ఖైదు వేయవచ్చును. బ్రిటిషువారు 1871 నాటి నేరస్థ జాతుల చట్టములో ఇట్టి భాగమునే పెట్టి 1911లో తీసివేసిరి. వారు విప్పి పారవేసిన చొక్కాను మనవారు ఎనిమిదేండ్లకు ఎత్తి తొడిగికొనిరి.

నిజాము పోయెను. హైదరాబాదు రాష్ట్రము పోయెను. 1956లో తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లా నుండి విడివడి ఆంధ్రప్రదేశ్‌లో చేరెను. 2014లో తెలంగాణము, 2016లో వికారాబాదు జిల్లా ఏర్పడినవి. చట్టము మాత్రము పేరు మార్చుకొని నిలిచియే ఉండెను. వైజయంతి వసంత మొగ్లి మొదలగువారు 2018లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యముపై, 2023 జులైలో గాని తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేయలేదు. ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, న్యాయమూర్తి సి. వి. భాస్కర్ రెడ్డి ఇచ్చిన ఆ తీర్పు, ఆసరా పింఛను వీరికిని వర్తింపజేయవలెనని కూడ ఆదేశించినది. వీధిలో కనబడుటయే నేరమని నూరేండ్లకు పైగా వ్రాసియుంచుకొన్న చోట, వీరికై వీధిలో మరుగుదొడ్డి కట్టింపవలెనని ఎవరికి తోచును?

తోచినది మొదట సుప్రీంకోర్టునకు. 2014 ఏప్రిల్ 15న న్యాయమూర్తులు కె. ఎస్. రాధాకృష్ణన్, ఎ. కె. సిక్రీ ఇచ్చిన తీర్పులో, వీరికి ప్రత్యేకముగా ప్రజా మరుగుదొడ్లు ఏర్పాటు చేయవలెనని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వములను ఆదేశించిరి. 2017 ఏప్రిల్‌లో కేంద్ర పారిశుద్ధ్య శాఖ మరియొక త్రోవ త్రొక్కినది: స్త్రీలదో పురుషులదో, తమకు తగినదనుకొన్న మరుగుదొడ్డిని వారు వాడుకొనవచ్చుననెను. ప్రజాస్థలములలోనికి వీరిని రానీయక అడ్డగించుట ఆరుమాసముల నుండి రెండేండ్ల వరకు శిక్షింపదగిన నేరమని 2019 నాటి చట్టము చెప్పెను. మరుసటి యేడు వచ్చిన నియమములు తాత్కాలిక వసతిగృహములను, మరుగుదొడ్లను రెండేండ్లలో ఏర్పరుపవలెనని గడువు పెట్టినవి. ఆ గడువు 2022తోనే తీరినది. 2011 జనాభా లెక్కలలో "ఇతరులు" అను గడిలో చేరినవారు దేశమున 4,87,803 మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 43,769 మంది. మన జిల్లాలో బస్సు నిలుచు ప్రతిచోటను దిగి, ఎన్ని తలుపులు వీరికై తెరచియున్నవో ఎవరికి వారే చూచి రావచ్చును.

భారతము పాఠము చెప్పువారికి ఇచ్చట బృహన్నల స్ఫురింపక మానదు. నృత్యము నేర్పెదనని విరాటుని కొలువునకు వచ్చినప్పుడు రాజునకు ఎదురైన ప్రశ్న నేడు మున్సిపాలిటీలకు ఎదురగుచున్నదే: ఈ మనిషిని ఏ వాకిట లోనికి పంపవలెను? సంస్కృత భారతమున రాజు మంత్రులతో ఆలోచించి, స్త్రీలచేత పరీక్ష చేయించి, పిదపనే కన్యాంతఃపురమునకు పంపెను. పని దొరకినది, నీడ దొరకినది, పరీక్ష మాత్రము తప్పలేదు. తాము ఎవరైనది తామే చెప్పుకొనవచ్చును, శస్త్రచికిత్స అడుగరాదు అని 2014 తీర్పు ఆ పరీక్షను తొలగించినది. 2019 చట్టము జిల్లా మెజిస్ట్రేటు ధ్రువపత్రమును తెచ్చిపెట్టినది. కడుపునొప్పితో పరుగెత్తువాడు ధ్రువపత్రము ఎవరికి చూపవలెనో నాకు తెలియదు. బృహన్నల అజ్ఞాతవాసము ఏడాదికి తీరినది గనుక మనము దానిని కథగా చెప్పుకొని సంతోషింపగలుగుచున్నాము.

వ్యాకరణము చెప్పి బ్రదుకువాడను గనుక ఇంకొక మాట. అమరకోశములో "తృతీయా ప్రకృతి" అను గౌరవమైన పేరున్నది. మన వీధులలో వినబడునది తిట్టు. చిన్నయసూరి మహత్తు, అమహత్తు అని విభజించి చూపిన మన భాషలో ఏకవచనమున స్త్రీకిని చెట్టునకును ఒకే క్రియ: ఆమె వచ్చినది, బండి వచ్చినది. బహువచనమున స్త్రీ పురుషులతో కలిసి మనుష్యకోటిలో చేరును: వారు వచ్చిరి. స్త్రీయో పురుషుడో చెప్పనక్కరలేని ఈ "వారు"ను, మర్యాద చేయదలచినప్పుడు ఒక్కరికిని వాడుదుము. ఇంగ్లీషువారు ఇట్టి మాటకై నేడు తగవులాడుచున్నారు. మనకది తాతలనాటి ఆస్తి. అయినను ఈ మనుష్యులను చూచినంతనే మన నోట "అది" వచ్చును.

స్త్రీల భయమును తేలికగా కొట్టివేయుట న్యాయము కాదు. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రము 2016లో జన్మపత్రమును బట్టియే ప్రభుత్వ మరుగుదొడ్డికి పోవలెనని చట్టము చేసి, మరుసటి యేడు వెనుకకు తీసికొన్నది. సమానత్వ చట్టములో స్త్రీ అను మాటకు జన్మసిద్ధమైన లింగమే అర్థమని బ్రిటన్ సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో చెప్పెను. అచ్చటి వాదములను అటులే తెచ్చి మన మీద పెట్టుకొననక్కర లేదు. బడిలో బాలికల మరుగుదొడ్డికి గడియ ఊడిపోయి, ఒకతె లోన ఉండగా మరియొకతె తలుపు పట్టుకొని నిలుచుటను చూడని ఉపాధ్యాయుడున్నాడా? ఆ బాలికకు కావలసినదియు, ఈ మూడవవారికి కావలసినదియు ఒక్కటే: పైకప్పు వరకు గోడ, లోపలి గడియ, నీళ్ళు, బయట దీపము. మూడవ పలక వ్రాసి ప్రత్యేకముగా ఒక గది కట్టుట నాకంతగా రుచింపదు. తాండూరు వంటి పట్టణములో ఆ తలుపు త్రోయుట యనగా నడిబజారులో చాటింపు వేసికొనుటయే. సగము చోట్ల దాని తాళపుచెవియు దొరకదు. రైలుపెట్టెలో వలె పలక లేని ఒంటిగదులు కట్టిన చాలును.

రాత్రి వసతి సంగతి వేరు. మరుగుదొడ్డి పని నిమిషములలో తీరును. నిద్రకు తెల్లవారువరకు కాపు కావలెను. ఇల్లు వెడలగొట్టబడి, ఏదో ఒక బండి యెక్కిన పదునెనిమిదేండ్ల పిల్లను మగవారి నడుమ పండుకొమ్మనుట ఎట్టిది? ఇందులకు ప్రత్యేక గృహములే తగును. 2020 నవంబరులో వడోదరలో మొదలైన గరిమా గృహములు ఆ ఉద్దేశముతో పుట్టినవే. అట్టివి మహానగరములకే పరిమితమైనచో, ఆ పిల్లకు మొదటి రాత్రి గడువవలసినది మాత్రము మన వంటి చిన్న స్టేషనులోనే.

ఇరువదియేండ్ల క్రిందట వేరొక ఊరి కళాశాలలో పనిచేయుచుండగా, బి. ఏ. మొదటి సంవత్సరపు విద్యార్థి యొకరు ప్రతిదినము విరామము ముగిసిన పది నిమిషములకు లేచి, "సార్, ఒక్క నిమిషం బయటికి పోయొస్త" అని అడిగెడివారు. నాకు క్రమశిక్షణ మీద ప్రీతి మెండు. ఒకనాడు పాఠము ఆపి, "విరామంలో ఏం చేసినవు?" అని గద్దించితిని. తరగతి యంతయు నవ్వెను. ఆ నవ్వు నా చమత్కారమునకే అనుకొంటిని. ఆ విద్యార్థి కూర్చుండి మరి లేవలేదు. ఆనాడే కాదు, ఆ తరువాతను. నీళ్ళు త్రాగుటయే మానివేసినట్లు పిదప తెలిసినది. విరామమున మగపిల్లలు తలుపు నొద్ద కాపువేసి, నీవు ఆడదానవా మగవాడవా చూపుమని చొక్కా పట్టుకొని లాగెడివారట. అందరును తరగతికి పోయిన పిమ్మట ఆ చోటు నిర్మానుష్యమగును; ఆ పది నిమిషముల లెక్క అదియే. దీనిని నాకు చెప్పినది మరియొక విద్యార్థి, దసరా సెలవులు ముగిసిన తరువాత. అప్పటికే ఆ బెంచీ ఖాళీయైనది. ఇరువది దినముల గైరుహాజరు నిండగానే, నియమము ప్రకారము హాజరుపట్టికలో ఆ పేరును ఎర్రసిరాతో కొట్టివేసితిని.