బతుకమ్మ మనది, మైదానం ఎవరిది?

2014లో తెలంగాణ వచ్చింది, బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. అంతకు కొద్ది రోజుల ముందే, మే 25న, నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన లంబాడా బిడ్డ మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా దళిత బిడ్డ ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. పండుగనూ ఆటనూ పాలకులు తమ ఘనతగా చెప్పుకున్నారు. నిర్మల్ పల్లెల నుంచి మేము అడిగేది ఒక్కటే: ఈ రెండింటిలో వాడ ఆడబిడ్డకు దక్కిన చోటు ఎంత?

సద్దుల బతుకమ్మ నాడు ఊరి ఆడవాళ్లంతా ఒక్కచోట ఆడతారని చెప్పుకుంటాం. కానీ ఎన్నో ఊళ్లలో దళిత స్త్రీలు తమ వాడలోనే వేరుగా ఆడుకుంటారు. పూలు అవే, పాటలూ అవే. వేరు చేసింది కులం. నిర్మల్, నిజామాబాద్, జగిత్యాల జిల్లాల్లో ఎవరూ ఓటేసి ఎన్నుకోని గ్రామాభివృద్ధి కమిటీలు జరిమానాలు వేస్తాయి, మాట వినని కుటుంబాలను వెలివేస్తాయి. వెలి భారం మొదట పడేది ఆడవాళ్ల మీదే. కిరాణా కొట్లో సరుకు ఇవ్వరు, కూలికి పిలవరు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం ఇది నేరం.

జోగిని వ్యవస్థ కూడా ఆచారం పేరుతోనే బతికింది. దేవత పేరు చెప్పి దళిత బాలికను ఊరి మగవాళ్లకు అప్పగించారు. జాతరలో, శవం ముందు ఆడించారు. 1988లో చట్టం దాన్ని నిషేధించింది.

దక్షిణాఫ్రికాలోనూ ఇదే పోరు నడుస్తోంది. జూలూల రెల్లు పండుగలో పాల్గొనే అమ్మాయిలకు కన్యత్వ పరీక్షలు చేస్తారు. పదహారేళ్ల లోపు పిల్లలకు ఆ పరీక్ష చేయరాదని 2005 బాలల చట్టం చెప్పింది. అయినా 2016లో ఒక జిల్లా మున్సిపాలిటీ కన్యలకే అంటూ స్కాలర్‌షిప్ పెట్టింది. అది రాజ్యాంగ విరుద్ధమని ఆ దేశ లింగ సమానత్వ కమిషన్ తేల్చింది. అక్కడి పరుగుల రాణి కాస్టర్ సెమెన్యా 2009లో 800 మీటర్ల ప్రపంచ విజేత అయింది. ఆ వెంటనే ఆమె ఆడదేనా అని లోకం అనుమానించింది.

మన దీప్తి జీవాంజిది వరంగల్ జిల్లా కల్లెడ, కూలి చేసుకునే కుటుంబం. ఆమె రూపాన్ని, బుద్ధిమాంద్యాన్ని చూసి ఊళ్లో ఎగతాళి చేశారు. 2024 మేలో కోబేలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. గెలిచాక సన్మానాలు చేసిన సమాజం, గెలవకముందు ఆమెకు ఏమిచ్చింది?

పతకం వచ్చాక ప్రకటించే కోటి రూపాయలు ఒక్కరికే అందుతాయి. వాడ పక్కన మైదానం, బడిలో మహిళా పీఈటీ, గురుకులంలో కడుపునిండా తిండి వందల మందిని నిలబెడతాయి. 2022లో మొదలైన పల్లె క్రీడా ప్రాంగణాలు వాడకు ఎంత దూరంలో ఉన్నాయో, అక్కడ ఆడపిల్లలు ఆడుతున్నారో లేదో విద్యార్థి సంఘాలు ఊరూరా లెక్క తీయాలి. వెలివేసిన చోట కేసు పెట్టించాలి. ఆచారం ఏదైనా సరే, అందులో ఉండాలో వద్దో ఆడబిడ్డే చెప్పాలి. ఆ హక్కు వచ్చేదాకా మనం అడుగుతూనే ఉందాం.