బురదను అడుగుండ్రి

చెరువులో చేపలు చచ్చి తేలినప్పుడల్లా ఒకటే తంతు. కట్ట మీద జనం గుమిగూడుతరు. జీపు వస్తది. ఒక సారు దిగి సీసాలో నీళ్లు పట్టుకొని పోతడు. నాలుగు దినాలకు వాన పడుతది, మత్తడి దుంకుతది, సీసా సంగతి ఎవరికీ యాది ఉండదు. 2017లో పటాన్‌చెరు దగ్గర గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా చచ్చి తేలినయి. చేపలు పట్టి బతికేటోళ్ల ఏడాది బువ్వ ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

మేం అడుగుతున్నది ఒక్కటే. నీళ్ల సీసాతో పాటు బురద డబ్బా ఎందుకు నింపుత లేరు? నీళ్లు పారిపోతయి, కొత్త నీళ్లు కలిసి పలుచబడుతయి. బురద ఎటూ పోదు. ఫ్యాక్టరీ మూతబడ్డా, యజమాని మారినా, ఆఖరికి రాష్ట్రమే మారినా అది ఆడనే ఉంటది. లోహాలు, కొన్ని మందుల అవశేషాలు మట్టి రేణువులకు అంటుకొని అడుగుకు దిగి కూసుంటయి.

పర్యావరణ పరిరక్షణ నియమాల్లో ప్రాణిని సాక్షిగా నిలబెట్టే పరీక్ష ఒకటి ఉన్నది. ఫ్యాక్టరీ వదిలే నీళ్లలో, ఏమీ కలపకుండ, చేపలను 96 గంటలు ఉంచితే నూటికి 90 బతకాలె. మంచిదే. కాని అది గొట్టం మూతి కాడి నీళ్లకు. గొట్టం కింద ఏండ్లకేండ్లు పేరుకున్న బురదకు ఆ పట్టికలో పరీక్ష లేదు.

బురదకు పరీక్ష లేక కాదు. అమెరికా పర్యావరణ సంస్థ 2000లో అచ్చేసిన పద్ధతి చూడుండ్రి. 300 మిల్లీలీటర్ల బీకరులో 100 మిల్లీలీటర్ల బురద, దాని మీద 175 మిల్లీలీటర్ల మంచి నీళ్లు, 23 డిగ్రీల వేడి. అందులో పది ప్రాణులు. అట్లాంటివి ఎనిమిది బీకర్లు. పది దినాలకు జల్లెడ పట్టి ఎన్ని బతికినయి, ఎంత ఎదిగినయి అని లెక్కబెట్టుడే. పక్కనే విషం లేని మట్టితోటి అదే పరీక్ష పెట్టాలె. ఆ మట్టిలో కూడా ఎక్కువ చస్తే పరీక్షే చెల్లదు. నిదానంగ చంపే విషమైతే పది దినాలు చాలవు, 28 దినాలు, 42 దినాల పరీక్షలు కూడా ఉన్నయి.

ఆ ప్రాణులు ఏవంటే, ఒకటి రొయ్యకు దూరపు చుట్టం హయలెల్లా. ఇంకోటి కైరోనోమస్, కుట్టని దోమ లాంటి ఈగకు పిల్ల. బురదలో గూడు కట్టుకొని ఎర్ర దారప్పోగు లెక్క ఉంటది. ఆ జాతి పురుగులు మన చెరువుల్లో కూడా ఉంటయి, చేపలు వాటినే తింటయి. పురుగు బతకని బురద మీద చేప ఏం తిని బతకాలె?

రసాయనాల జాబితా చాలదా అంటరు పెద్ద సార్లు. మేమూ డిగ్రీ చదివినోళ్లమే, జాబితా వద్దంటలేం. విషం ఎవరిదో తేల్చాలంటే అది కావాలె. కాని రాగి ఇంత, జింకు ఇంత అని రాసినంత మాత్రాన అది ప్రాణికి ఎంత అందుతున్నదో తెల్వదు. గాలి ఆడని బురదలో సల్ఫైడు ఆ లోహాలను పట్టి ఉంచుతది. అదే బురదను తవ్వి గాలికి ఆరబోస్తే పట్టు సడలి లోహం బయటపడొచ్చు. పైగా పేరు తెల్వని విషానికి జాబితాలో గడి ఉండదు. పురుగుకు పేర్లతో పని లేదు.

పటాన్‌చెరు సంగతి స్వీడన్ పరిశోధకులు చెప్తే గాని లోకానికి ఎరుక కాలేదు. ఆడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి 'శుద్ధి' అయి వచ్చిన నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నదని 2007లో అచ్చయింది. మందు మింగిన రోగి రక్తంలో ఉండేదాని కన్నా ఎక్కువ! 2009లో వచ్చిన ఇంకో అధ్యయనంలో ఆ నీళ్లను 500 వంతుల దాకా పలుచన చేసినా కప్ప పిల్లల ఎదుగుదల 40 శాతం తగ్గింది. 2011లో బురద వంతు వచ్చింది. శుద్ధి కేంద్రానికి దిగువన వాగు బురదలో మందులకు లొంగని బ్యాక్టీరియా జన్యువులు గుట్టగా దొరికినయి.

ఇప్పుడు ఈ మాట ఎందుకంటే, 2015 నుంచి మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి పొలాలకు తోలినం. మంచి చెరువు మట్టి పొలానికి బంగారం, కాదనం. మరి ఫ్యాక్టరీల కింది చెరువు మట్టి? 2016లో ఉచిత చేప పిల్లల పంపిణీ మొదలైంది. అందులో బంగారుతీగ కూడా ఉన్నది. అది అడుగు బురదను కెలికి తినే చేప. ఏ బురద మీదికి వదులుతున్నరో చూసుకోకుండ పిల్లల లెక్క గొప్పగ చెప్తే ఏం లాభం?

పారిశ్రామికవాడల కింది చెరువులకు జేసీబీ దించే ముందు, చేప పిల్లలను వదిలే ముందు బురద పరీక్ష పెట్టుండ్రి. ఊరోళ్ల ముందట డబ్బాకు సీలు వెయ్యుండ్రి. ఫలితం తెలుగులో పంచాయతీ గోడ మీద అంటించుండ్రి. ఖర్చు వాగును ఖరాబు చేసినోళ్ల దగ్గర వసూలు చెయ్యుండ్రి. బురద ఎక్కడ తియ్యాలె అంటరా? గంగపుత్రులను, ముదిరాజులను అడుగుండ్రి. చెరువులో ఏ మూలన వల వేస్తే ఉత్తదే వస్తదో వాళ్లకు ఎరుకే.