తోట ఎవరిది? ఎరువు ఎవరిది?

వసంతంలో రండి, డాఫొడిల్ పూలు చూడండి. ఎండాకాలంలో రండి, మెట్లు మెట్లుగా దిగే పూలమడులు చూడండి. ఆకురాలే కాలంలో రండి, ఎర్రబారిన చెట్లు చూడండి. చలికాలంలో రండి, మంచులో కోట చూడండి! బ్రిటన్‌లో పాతకాలపు దొరల ఎస్టేట్లు ఇట్లా నాలుగు కాలాలకీ జనాన్ని పిలుస్తాయి. అక్కడ చదువుకోను పోయిన మన వాడల పిల్లలు కూడా టికెట్టు కొని పోతున్నారు, ఫోటోలు దిగుతున్నారు. దిగండి బిడ్డలారా. పూలు ఎవర్నీ దోచుకోలేదు. కానీ ఒక్క ప్రశ్న అడక్కుండా మాత్రం తిరిగి రాకండి. ఈ తోటకి ఎరువు ఎక్కడ్నించి వచ్చింది?

వేల్స్‌లో పోయిస్ కోటనే తీసుకుందాం. కొండవాలుని తొలిచి అంచెలంచెలుగా కట్టిన ఆ తోట 17వ శతాబ్దం చివరిది. 18వ శతాబ్దంలో ఆ కోట ఆలనాపాలనా లేక పాడుబడుతుంటే దాన్ని నిలబెట్టిన సొమ్ము ఎవరిది? క్లైవులది. 1757లో ప్లాసీ గెలిచి బెంగాలుని పిండిన రాబర్ట్ క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్ 1784లో ఆ ఇంటి ఆడపిల్లని చేసుకున్నాడు. 1798 నించి 1803 దాకా ఈ ఎడ్వర్డే మద్రాసు గవర్నరు. 1799లో శ్రీరంగపట్నం కూలింది. టిప్పు సింహాసనం మీది బంగారు పులితల, టిప్పు అద్దకం గుడారం పోయిస్ చేరాయి. చచ్చిన రాజు డేరా దొరసానుల తోట విందులకి నీడయింది!

ఇది టిప్పు కథేగా, మనకేం పట్టింది అనుకోవద్దు. కడప, బళ్ళారి సీమల్ని నిజాం కంపెనీకి రాసిచ్చిన 1800లో ఈయనే గవర్నరు. జమీందారుకి భూమి మీద శాశ్వత హక్కు కట్టబెట్టిన 1802 నాటి 25వ రెగ్యులేషను వచ్చిందీ ఈయన ఏలుబడిలోనే. సర్కారు జిల్లాల్లో దున్నినోడి పేరు ఆ కాగితంలో లేదు. పెంట మోసి, మడవలు కట్టి, కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టిన మాల మాదిగల మాట అసలే లేదు. అక్కడ కోట తోటా, ఇక్కడ మన వాడ ఆకలీ ఒకే దొర చేతికింద పెరిగాయి.

ఈ మాట చెప్పగానే మన అగ్రకుల దేశభక్తులు చంకలు గుద్దుకుంటారు. తెల్లోడు దోచాడు, మన పులితల మనకియ్యి అంటారు. ఇయ్యాల్సిందే. అయితే అయ్యా, మీ తాతల కోటల్లో మల్లెతోటలకి నీళ్ళు మోసింది ఎవరు? ఆ పూలతో పూజ జరిగిన గుళ్ళోకి మమ్మల్ని రానిచ్చారా? తెల్లదొర దోపిడీకి లెక్క అడిగే నోరు నల్లదొర వెట్టి దగ్గర మూతపడుతుందేం?

నష్టపరిహారం సంగతి చూడండి. 1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వం రద్దు చేసి 2 కోట్ల పౌండ్లు పంచింది. బానిసలకి కాదు, యజమానులకి! యార్క్‌షైర్‌లో హేర్‌వుడ్ తోట అనుభవించే లాసెల్స్ కుటుంబానికి 26 వేల పౌండ్ల పైచిలుకు ముట్టింది. చెరకుతోటల్లో ఎముకలు అరిగినోళ్ళకి చిల్లిగవ్వ రాలేదు. మద్రాసు ప్రభుత్వం 1948లో జమీందారీలు రద్దు చేసినప్పుడు ఏం చేసింది? జమీందార్లకి పరిహారం, రైతులకి పట్టాలు. పొలంలో దిగిన పాలేరుకి ఆ చట్టంలో వాటా లేదు. సముద్రాలు వేరు, న్యాయం ఒకటే. దోచినోడికే నష్టపరిహారం!

దీన్ని మనకంటే ముందు పట్టుకున్నవాడు ఒక తోటమాలి బిడ్డ. పీష్వాలకి పూలు అందించిన ఇంట్లో పుట్టిన జ్యోతిబా ఫూలే. 1873లో 'గులాంగిరి' రాసి, అమెరికాలో నీగ్రో బానిసల విముక్తికి పాటుబడ్డవాళ్ళకి అంకితమిచ్చాడు. పూల ఇంటి నించి వచ్చినోడికి పూల వెనకాల గులాంగిరీ కనపడింది.

ఆ దేశంలో కోటల్ని చూసుకునే నేషనల్ ట్రస్టు 2020లో తన ఇళ్ళల్లో 93 ఇళ్ళకి వలసపాలనతోనో బానిసత్వంతోనో సంబంధం ఉందని అచ్చేసింది. పెద్దమనుషులు అక్కడా గోల చేశారు. అయినా అచ్చయ్యింది. మన కోటలకీ గడీలకీ సున్నం కొట్టి వారసత్వ సంపద అంటున్నారే, ఇక్కడ ఇంతమంది వెట్టి చేశారని రాసిన బోర్డు ఒక్కటి మా కంట పడలేదు.

తోటలు తగలబెట్టమని మేం అనడం లేదు. మట్టి పిసికిన జాతి మాది, మొక్క విలువ మాకు తెలిసినంత దొరలకి తెలీదు. మేం అడిగేది లెక్క. పోయిస్ గోడ మీద మద్రాసు శిస్తు లెక్క రాయాలి. ఇక్కడి ప్రతి కోట గుమ్మం మీద వెట్టి లెక్క రాయాలి. లెక్క తేలాక వాటా తేలాలి. ఆ వాటా పూలగుత్తి కాదు, భూమి!