ఈసారి హాస్టల్ గోడ మీద ఎవరి బొమ్మ?

ప్రతి వార్షికోత్సవానికీ ముందు మన హాస్టల్ గోడకు సున్నం వేస్తారు. పెయింటర్ వచ్చి రెండు కొండలు, నడుమ సూర్యుడు, కొబ్బరిచెట్లు, ఒక పడవ వేసి పోతాడు. మా ఊళ్ళలో పడవ ఎక్కడిది? ఏటా చూసి అలవాటైపోయి ఎవరమూ అడగలేదు. ఈసారి అడుగుతున్నాం.

సికింద్రాబాద్‌కు చేర్యాల మరీ దూరం కాదు. 2016 వరకు వరంగల్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. అక్కడి నకాషీ కళాకారులు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల గుజ్జు, బంక కలిపి పూసి, ఎర్రటి రంగు మీద వరసలు వరసలుగా కథను గీస్తారు. షోరూముల్లో చిన్న చిన్న ముక్కలు చూసి ఇంటి అలంకరణ అనుకుంటాం. అసలది ఊరి నడుమ పటం విప్పి కథ చెప్పడానికి పుట్టింది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులివాళ్ళు చెప్పేవాళ్ళు. ముదిరాజులకు పాండవుల కథ కాకిపడగలవాళ్ళు. మాదిగలకు జాంబపురాణం డక్కలివాళ్ళు.

భూమి పుట్టకముందే జాంబవుడు పుట్టాడని ఆ పురాణం. బడి పుస్తకంలో మనది ఎప్పుడూ చివరి మెట్టే, డక్కలి పటంలో మాత్రం మన తాతే అందరికన్నా పెద్ద. చదువు దగ్గరికి రానివ్వని రోజుల్లో ఆ మాటను గుడ్డ మీద రంగుల్లో దాచి మనకిచ్చారు. అంత చేసిన డక్కలివాళ్ళను మాదిగవాడ కూడా అంటరానివాళ్ళుగానే చూసింది. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, అయినా రాయాలి.

అమెరికాలో మెక్సికో మూలాలున్న వాళ్ళు తిట్టుగా వాడిన 'చికానో' అన్న మాటనే తమ పేరుగా పెట్టుకున్నారు. శాన్ డియాగోలో వాళ్ళ వాడ మీదుగా బ్రిడ్జి కట్టారు. దాని కింద పార్కు వస్తుందనుకున్న జాగాలో పోలీసు ఠాణా పని మొదలైతే, 1970 ఏప్రిల్ 22న జనం వెళ్ళి ఆ జాగాలో కూర్చున్నారు. అదే చికానో పార్కయింది. 1973 నుంచి బ్రిడ్జి స్తంభాల మీద తమ పూర్వీకులను, తమ నాయకులను గీసుకున్నారు. లాస్ ఏంజెలస్‌లో జూడీ బాకా అనే చిత్రకారిణి 1976 నుంచి వాడల పిల్లలను కూడగట్టి, వరద కాలువ గోడ మీద దాదాపు అరమైలు పొడవున చరిత్ర వేయించింది. ఆ పిల్లలూ మన ఈడువాళ్ళే.

"కులాన్ని గోడ ఎక్కిస్తారా?" అని కొందరు అన్నలు అడిగారు. స్కాలర్‌షిప్ ఫారంలో ఏటా రాస్తున్నాం, సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాం. అక్కడ లేని నామోషీ గోడ దగ్గరే ఎందుకు? మాలో అందరూ మాదిగలు కారన్నది నిజమే. అందుకే ఒక్క జాంబవుడే ఉండాలని మేము అనడం లేదు. ఎవరి వాడ కథ వాళ్ళు తేవాలి, వరసకొకటి వేయాలి.

పెయింటర్‌కిచ్చే డబ్బుతోనే ఒక నకాషీ కళాకారుణ్ణి రెండు రోజులు పిలిపించి నేర్పించమని అడుగుదాం. రంగులు మేమే వేస్తాం, వంకర పోయినా సరే. సెలవులకు ఊరికి పోయినప్పుడు పటం కథలు గుర్తున్న అవ్వలూ తాతలూ ఎవరున్నారో కనుక్కుని రండి. రంగుల ఖర్చు భరించగల పూర్వ విద్యార్థులు వార్షికోత్సవం నాడే కమిటీతో ఒక మాట చెప్పండి.